ఇన్షా అల్లాహ్ అంటే 'వెళ్లం' అనేనా?

వేసవి సెలవులకు మనవళ్లు, మనవరాళ్లు దిగారంటే ఏ ఇంట్లోనైనా సందడే సందడి. మా ఇంట్లోనూ అంతే. అబ్బాయి పిల్లలు హైదరాబాదు నుంచి, అమ్మాయి పిల్లలు విజయవాడ నుంచి వస్తారు. మొత్తం ఐదుగురు. అందరిలోకి పెద్దది పద్నాలుగేళ్ల మనవరాలు. చిన్నవాడికి నాలుగేళ్లు. మేముండేది బందరులో. మంగినపూడి సముద్రతీరం ఊరికి పది, పదకొండు కిలోమీటర్లు. అందుకే పిల్లలు గుమ్మంలో చెప్పులు విడవకముందే అడిగే ప్రశ్న ఒక్కటే: "సముద్రానికి ఎప్పుడు తీసుకెళతారు?"

గత వేసవిలో వాళ్లు అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. వాళ్లింకా రైలెక్కకముందే మేమిద్దరం ఫోనులో మాటిచ్చేశాం. "మీరు రండి, ఈసారి తప్పకుండా మంగినపూడి వెళదాం, ఇన్షా అల్లాహ్" అన్నాం. పిల్లలు వచ్చారు. మొదటి వారం ఎండలు మండిపోతున్నాయన్నాం. రెండో వారం బంధువులింట్లో నికాహ్. మూడో వారం మాకే ఒంట్లో నలతగా ఉందన్నాం. నిజం చెప్పాలంటే ఆ నలతలో సగం బద్ధకమే. ప్రతి సాయంత్రం పిల్లలు అడిగేవారు, ప్రతి సాయంత్రం మేము "రేపు, ఇన్షా అల్లాహ్" అనేవాళ్లం. ఇలా సెలవులు అయిపోయాయి. తెల్లారితే ప్రయాణమనగా ఆ రాత్రి తొమ్మిదేళ్ల మనవడు మళ్లీ అడిగాడు. అలవాటు ప్రకారం "ఇన్షా అల్లాహ్" అన్నాం. వాడు కోప్పడలేదు, ఏడవలేదు. తనకు ముందే తెలిసిన సంగతిని సరిచూసుకుంటున్నట్టు అడిగాడు: "దాదా, ఇన్షా అల్లాహ్ అన్నారంటే వెళ్లం అనేగా?"

వాళ్లమ్మ ఉలిక్కిపడింది. "తౌబా! అలా అనకూడదు" అని వాణ్ణి గదమాయించింది. మేము నోరు మెదపలేదు. తప్పు మాది, తిట్లు వాడికి. వాడు పడుకున్నాక ఆ మాట మమ్మల్ని పడుకోనివ్వలేదు. వాడు అల్లాహ్ నామాన్ని పరిహసించలేదు. మా నోట ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో, ప్రతిసారీ దాని వెనక ఏం జరిగిందో గమనించి, ఆ మాటకు తనకు తోచిన అర్థం చెప్పుకున్నాడు. పిల్లలు ఏ మాటనైనా నేర్చుకునేది అలాగే కదా! పుస్తకంలో చూసి కాదు, మన నడవడిలో చూసి. అంటే 'అల్లాహ్ తలిస్తే' అన్న పలుకుకు 'జరగదు' అనే అర్థాన్ని ఆ పసివాడికి నేర్పింది మేమే.

ఇలాంటి సందర్భాల్లో పెద్దలు తమకు తాము చెప్పుకునే సమాధానం ఒకటుంది: "పిల్లలకు ఏదో ఒకటి చెబుతాం, రేపటికి వాళ్లే మరిచిపోతారు." మరిచిపోరన్నది అలా ఉంచి, ముందు ఇది ధర్మమేనా అని చూడాలి. దైవప్రవక్త (స) ఒకనాడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) ఇంట్లో కూర్చుని ఉన్నారు. అప్పటికి అబ్దుల్లాహ్ చిన్న పిల్లవాడు. ఆయన తల్లి "ఇటు రా, నీకొకటి ఇస్తాను" అని పిలిచింది. ఏమివ్వాలనుకుంటున్నావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇవ్వాలనుకున్నానని ఆమె చెప్పింది. అలా ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ లెక్కలో ఒక అబద్ధంగా రాయబడేదని ఆయన హెచ్చరించారు. అబూదావూద్ గ్రంథంలోని ఈ హదీసును మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. అయితే అందులోని వస్తువు ఎంత చిన్నదో గమనించామా? ఒక ఖర్జూరం! దానికే అంత లెక్క ఉంటే, నెల రోజులు ఐదుగురు పిల్లల చేత ఎదురుచూపులు చూపించిన మాట లెక్కలో ఎంత ఉంటుంది?

మరో విషయం. పెద్దవాళ్లకిచ్చిన మాటకు కాపలాగా చాలా ఉంటాయి. అప్పు తీర్చకపోతే నలుగురిలో పరువు పోతుంది. బేరం తప్పితే రేపు మరొకడు నమ్మడు. కాగితం ఉంటే కోర్టు ఉంది. పసివాడికిచ్చిన మాటకు ఏ కాపలా ఉంది? వాడు దావా వెయ్యలేడు, పంచాయితీ పెట్టలేడు. గట్టిగా అడిగితే 'మొండివాడు' అనిపించుకుంటాడు. అడగడం మానేస్తే 'బుద్ధిమంతుడు' అంటాం. అడగలేని అప్పులవాడి బాకీని మనిషి తీరుస్తున్నాడా లేదా అన్నదే అతని నిజాయితీకి అసలు పరీక్ష అని మాకనిపిస్తుంది. చేసిన ఒప్పందాల గురించి విచారణ జరుగుతుందని దివ్య ఖుర్‌ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో హెచ్చరించినప్పుడు, ఆ ఒప్పందం పెద్దవాడితోనా చిన్నవాడితోనా అని విడదీయలేదు.

ఇక 'ఇన్షా అల్లాహ్' సంగతికి వద్దాం. మన సమాజంలో ఈ మాటను ఎలా వాడుతున్నామో నిజాయితీగా ఒకసారి చూసుకుందాం. రాలేమని ముఖం మీద చెప్పడానికి మొహమాటపడి "ఇన్షా అల్లాహ్, చూద్దాం" అంటాం. శుక్రవారానికి బట్టలు కుట్టి ఇవ్వలేనని తెలిసిన దర్జీ కూడా "ఇన్షా అల్లాహ్, శుక్రవారం" అంటాడు. మా వీధిలో హైందవ సోదరుడొకాయన దుకాణం ఉంది. ఆయన నవ్వుతూనే ఒక మాటన్నాడు: "సాయిబుగారూ, మీవాళ్లు 'ఇస్తాను' అంటే వారంలో ఇస్తారు, 'ఇన్షా అల్లాహ్ ఇస్తాను' అంటే నేను ఖాతా మూసేసుకోవచ్చు." అప్పుడు మేమూ నవ్వాం. మనవడి మాట విన్న తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గుపడ్డాం. ఏ దైవనామం మన మాటకు బలం కావాలో, దాన్నే మన మాటలోని డొల్లతనానికి ముసుగు చేసుకున్నాం.

అల్లాహ్ ఈ మాట మనకు ఎందుకు నేర్పాడు? ఏ పని గురించైనా 'రేపు చేస్తాను' అని ఊరికే అనవద్దు, అల్లాహ్ తలిస్తే అనే మాటను దానికి చేర్చమని కహఫ్ సూరా బోధిస్తోంది. ఈ బోధనలోని క్రమాన్ని గమనించండి. ముందు మనిషిలో 'రేపు చేస్తాను' అనే సంకల్పం ఉండాలి. ఆ సంకల్పానికి ఈ మాట తోడు కావాలి. సంకల్పమే లేని చోట ఈ మాట దేనికి తోడు? తెల్లవారగానే తోట పండ్లు కోసుకుంటామని ప్రమాణాలు చేసి, అల్లాహ్ అభీష్టాన్ని మరిచిన తోటవాళ్ల వృత్తాంతం ఖలమ్ సూరాలో ఉంది. తెల్లారేసరికి వాళ్లకు తోటే మిగలలేదు. వాళ్లకు సంకల్పం ఉంది, దైవస్మరణ లేదు. మనకు దైవస్మరణ నాలుక మీద ఉంది, సంకల్పం లేదు. రెండింటిలో ఏది పెద్ద తప్పో తేల్చే పాండిత్యం మాకు లేదు. కానీ తోటవాళ్లు కనీసం తెల్లవారుజామున లేచి బయల్దేరారు!

హజ్రత్ ఇస్మాయీల్ (అలైహి) విషయం చూడండి. తండ్రి తాను కన్న కలను చెప్పి, నీ అభిప్రాయమేమిటని అడిగినప్పుడు ఆయన ఇచ్చిన జవాబులో ఈ 'ఇన్షా అల్లాహ్' ఉంది. అల్లాహ్ తలిస్తే నన్ను సహనశీలుల్లో చూస్తారన్నారు. అని ఊరుకోలేదు, వెళ్లి పడుకున్నారు. అదే ఇస్మాయీల్ (అలైహి)ను మర్యమ్ సూరా వాగ్దానం నిలబెట్టుకున్న వ్యక్తిగా కొనియాడింది. ఆయన నోట ఇన్షా అల్లాహ్ అంటే 'జరిగి తీరుతుంది, నా వైపు నుంచి లోటు ఉండదు' అని. మా నోట దానికి సరిగ్గా వ్యతిరేక అర్థం వచ్చింది.

'మరి నిజంగానే మనసులో ఉండి కూడా చెయ్యలేకపోతే?' అని కొందరు అడగవచ్చు. దానికీ ఖుర్‌ఆన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. హజ్రత్ మూసా (అలైహి) తాను జ్ఞానం నేర్చుకోవడానికి వెళ్లిన దైవదాసునితో, అల్లాహ్ తలిస్తే మీరు నన్ను ఓర్పు గలవాడిగా చూస్తారన్నారు. ఆయన హృదయపూర్వకంగానే అన్నారు. కాని పడవకు చిల్లు పెట్టగానే ప్రశ్నించకుండా ఉండలేకపోయారు. అప్పుడేం చేశారు? సాకు చెప్పలేదు. మరిచిపోయాను, నన్ను తప్పు పట్టవద్దని ఒప్పుకున్నారు. అంత గొప్ప ప్రవక్త తన మాట తప్పిన చోట క్షమాపణ కోరగలిగినప్పుడు, తొమ్మిదేళ్ల పిల్లవాడి ముందు తప్పు ఒప్పుకుంటే తాత పెద్దరికం ఏమవుతుంది?

వాళ్లు హైదరాబాదు వెళ్లిన వారానికి ఫోను చేసి మనవణ్ణి పిలిపించాం. "ఇన్షా అల్లాహ్ అంటే వెళ్లం అని కాదు బాబూ. మేము ఆ మాటను తప్పుగా వాడాం. తప్పు మాది, నీది కాదు" అని చెప్పాం. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత "సరే దాదా. అయితే ఎప్పుడు వెళదాం?" అన్నాడు. పిల్లలు క్షమించడంలో చూపించే తొందర పెద్దలకుంటే ఎన్ని ఇళ్లు బాగుపడేవో!

అయితే ఆ ఫోను చేసే ముందు మమ్మల్ని మేము ఇంకొక ప్రశ్న వేసుకోవాల్సి వచ్చింది. ఎండ, నికాహ్, నలత, ఇవన్నీ పైకి చెప్పిన కారణాలు. వాటి కింద బద్ధకం ఉందని ఒప్పుకున్నాం. ఆ బద్ధకం కింద ఏముంది? భయం. బందరు వాళ్లకు సముద్రమంటే ప్రేమ కన్నా భయమే పాతది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఈ ఊరిని ముంచి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుందని పెద్దలు చెప్పగా విన్నాం. 1977 నవంబరు 19న పక్కనే దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన నాటికి మేము వయసులో ఉన్నాం. వేరెవరూ చెప్పనక్కర్లేదు. 2004 డిసెంబరు 26 ఆదివారం నాటి సునామీ మా తీరాన్నీ తాకింది. మా పిల్లల్నే మేము సముద్రానికి సరిగా తీసుకెళ్లలేదు. ఆ భయాన్ని ఎన్నడూ పైకి చెప్పలేదు. చెప్పడానికి నామోషీ పడి, దానికి 'రేపు' అనీ, 'ఇన్షా అల్లాహ్' అనీ పేర్లు పెట్టాం.

ఇక్కడ హజ్రత్ యాఖూబ్ (అలైహి) వృత్తాంతం మాకు దారి చూపింది. పిల్లల్ని బయటికి పంపే విషయమై ఒక తండ్రి పడిన మథనం యూసుఫ్ సూరాలో ఉంది. యూసుఫ్‌ను మాతో పంపండి, తిని ఆడుకుంటాడు అని అన్నలు అడిగారు. యాఖూబ్ (అలైహి) 'చూద్దాంలే' అనలేదు. మీరు ఏమరుపాటుగా ఉన్నప్పుడు తోడేలు తినేస్తుందేమోనని నా భయం అని ఉన్నదున్నట్టు చెప్పారు. పెద్దలు తమ భయాన్ని పిల్లల ముందు చెప్పుకోవడం బలహీనత కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. తర్వాత ఎన్నో ఏళ్లకు అదే తండ్రి మిగతా కొడుకుల్ని ఈజిప్టుకు పంపుతూ, అందరూ ఒకే ద్వారం గుండా వెళ్లకండి, వేర్వేరు ద్వారాల గుండా ప్రవేశించండని జాగ్రత్త చెప్పారు. ఆ వెంటనే, అల్లాహ్ నిర్ణయం నుంచి నేను మిమ్మల్ని తప్పించలేను, నా నమ్మకమంతా ఆయన మీదేనన్నారు. జాగ్రత్త, నమ్మకం రెండూ ఒకే శ్వాసలో! అంత దెబ్బ తిన్న తండ్రి కూడా మళ్లీ పిల్లల్ని పంపారే గాని ఇంట్లో కట్టేసుకోలేదు. ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌ను నమ్ముకోమన్న దైవప్రవక్త (స) బోధన కూడా ఇదే కదా.

పిల్లలు అడిగిందల్లా ఒప్పుకోవాలని మేము అనడం లేదు. 'ఈ ఎండలో వద్దు', 'ఈ నెల చేతిలో డబ్బు లేదు', 'మాకు ఓపిక లేదు' అని చెప్పే హక్కు పెద్దలకుంది. సూటిగా చెప్పిన 'వద్దు' పిల్లవాణ్ణి ఒక పూట బాధపెడుతుంది. నానుస్తూ పోయిన 'రేపు' వాడికి పెద్దల మాట మీదే నమ్మకం పోగొడుతుంది. ఇప్పుడే కాదు, రేపు వాడు నమాజు గురించి, పరలోకం గురించి మన నోట వినేది కూడా అదే చెవులతో.

సరే, మేము ఈసారి ఒంటెను ఎలా కట్టామో చెబుతాం. సంక్రాంతి సెలవుల్లో వెళ్లాలని నిర్ణయించాం. జనవరిలో చలి గాలి, తుఫానుల కాలం దాటి ఉంటుంది, బళ్లకు సెలవులు. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి రోజుల్లో పుణ్యస్నానాలకు వచ్చే జనంతో మంగినపూడి కిక్కిరిసిపోతుంది. ఐదుగురు పిల్లల్ని ఆ జనంలో పట్టుకోవడం మా వల్ల కాదు కనుక అలాంటి రోజులు వదిలేశాం. గోడ మీది క్యాలెండరులో తేదీ చుట్టూ గీత గీసి, పక్కన 'ఇన్షా అల్లాహ్' అని రాశాం. రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే, అది ఒకటో నంబరైనా సరే, ఆ రోజు వెళ్లం. మర్నాడు గాని, ఆ తర్వాత గాని వెళతాం. ఈ సంగతి పిల్లలకు ముందే ఫోనులో చెప్పాం. ఎందుకు భయమో కూడా చెప్పాం. ఉప్పెన కథ విని ఏడేళ్ల మనవరాలు, "అయితే నానీ, మీరు మా చెయ్యి పట్టుకోండి, మేము మీ చెయ్యి పట్టుకుంటాం" అంది. దాని లెక్కలో అదే జాగ్రత్త.

ఇంకో మాట చెప్పక తప్పదు. మన ఇళ్లలో విహారయాత్ర అంటే మగవాళ్లకు, పిల్లలకు విహారం, ఆడవాళ్లకు రెట్టింపు చాకిరీ. ఫజర్‌కు ముందే లేచి బిర్యానీ వండాలి, గిన్నెలు మోయాలి, అక్కడ చాప మీద కూర్చుని అందరి చెప్పులకూ సంచులకూ కాపలా కాయాలి, ఇంటికొచ్చి మళ్లీ ఆ గిన్నెలే తోమాలి. ఒకరి ఆనందం కోసం మరొకరిని అలా అలసగొట్టి, దాన్ని కుటుంబ వినోదం అనుకోవడం ఎంతవరకు న్యాయం? ఈసారి మేము కుష్కా, ఉడికించిన గుడ్లు, పెరుగు పచ్చడితో సరిపెట్టాం. ఉల్లిపాయలు తరిగింది అల్లుడు. పది నిమిషాల పనికి అరగంట పట్టింది, సగం ఏడుపే. బందరు లడ్డూ కొట్లో కొన్నాం. తోమాల్సిన గిన్నెలు రెండే. సంచుల దగ్గర కూర్చోవడానికి మగవాళ్లమే వంతులు వేసుకున్నాం. మా కోడలు బురఖా అంచు తడుస్తున్నా లెక్క చెయ్యకుండా పిల్లలతో అలల్లో నిలబడి నవ్వుతుంటే, నాలుగేళ్లవాడు సముద్రాన్ని మానేసి తల్లి ముఖం వంకే చూస్తూ నిలబడ్డాడు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి మనకు తెలుసు. తెలిసి కూడా మన ఇళ్లలో ఆడవాళ్లు ఆఖరుసారి ఎప్పుడు పరుగెత్తారో గుర్తుండదు.

రెండు ఆటోల్లో వెళ్లాం. తీరం చూడగానే హైదరాబాదు పిల్లల ముఖాలు చిన్నబోయాయి. టీవీలో చూసిన నీలి సముద్రం, తెల్లటి ఇసుక అక్కడ లేవు. మంగినపూడిది నల్ల రేగడి నేల, నీళ్లు బురద రంగు. "ఇదేనా?" అన్నాడు తొమ్మిదేళ్లవాడు. ఇదేరా, డెల్టా మట్టి ఇలాగే ఉంటుంది, ఈ మట్టే కదా మన వరిచేలకు ప్రాణం అని చెప్పాం. ఐదు నిమిషాలకు ఆ బురదే వాళ్లకు బంగారమైంది.

ఇక్కడ లోతు తక్కువ అని పేరు. ఆ పేరే ప్రమాదం. లోతు తక్కువని నమ్మి పెద్దలు కళ్లు తిప్పుకుంటారు. సరుగుడు కర్రలు రెండు పాతి, వాటి హద్దు దాటకూడదని, చిన్నవాళ్లకు మోకాలి లోతు వరకేనని కట్టడి చేశాం. ఒక పెద్దమనిషి పని కేవలం చూడడమే. చేతిలో సెల్ ఫోను ఉండకూడదు, కబుర్లు ఉండకూడదు. గంటకొకరు మారాం.

జుహర్ వేళ అయినప్పుడు ఒక సమస్య వచ్చింది. అందరం జమాఅతుగా నిలబడితే పిల్లల్ని చూసేదెవరు? బందరులో ఖిబ్లా పడమటి వైపు. అంటే నమాజులో నిలబడితే సముద్రం మన వీపు వెనక ఉంటుంది. అబ్బాయి "పిల్లల్ని కూర్చోబెట్టేస్తే సరి" అన్నాడు. నాలుగేళ్లవాణ్ణి సముద్రం పక్కన కూర్చోబెట్టడం వాడిక్కాదు కదా, వాళ్ల తాతకే సాధ్యం కాదు! అందుకని రెండు జట్లుగా చదివాం. ఒక జట్టు నమాజులో ఉంటే మరో జట్టు కాపలా. యుద్ధభూమిలో సైతం ఒక వర్గం నమాజు చేస్తుంటే మరో వర్గం కాపలా ఉండే పద్ధతిని అల్లాహ్ నిసా సూరాలో నేర్పాడు. మాది యుద్ధం కాదు, అయినా ప్రాణాలను కాపాడే బాధ్యతకు నమాజు అడ్డు రాదన్న పాఠం అందులో ఉంది. పసిపిల్లల ఏడుపు వినిపిస్తే తల్లి పడే ఆందోళన తలచి దైవప్రవక్త (స) నమాజును తగ్గించేవారు. మనవడు వీపెక్కినప్పుడు వాడు దిగేదాకా సజ్దాను పొడిగించిందీ ఆయనే. ఒక చోట తగ్గించడం, ఒక చోట పొడిగించడం. రెండింటికీ కారణం పిల్లలే.

వుజూకు పంపు దూరంగా ఉంది. సముద్రపు నీళ్లతో వుజూ అవుతుందా అని మనవడు అడిగాడు. సముద్ర ప్రయాణం చేసే ఒకాయన, తాగడానికి కొద్ది నీళ్లే ఉంటాయి, సముద్రపు నీటితో వుజూ చేయవచ్చా అని అడిగితే దైవప్రవక్త (స) ఆ నీరు పరిశుద్ధమేనని సెలవిచ్చిన హదీసు చెప్పాం. మట్టి కలిసినంత మాత్రాన ఆ పరిశుద్ధత పోదు. వాళ్లు నోట్లో నీళ్లు పోసుకుని, ఉప్పదనానికి ముఖాలు వికారంగా పెట్టి నవ్వారు. ఆ హదీసు వాళ్లకు ఇక జన్మలో మరపురాదు.

భోజనాలయ్యాక చాప మీద కబుర్లు సాగాయి. బందరు అన్న మాటే పారశీకంలో ఓడరేవు అని, గోల్కొండ కుతుబ్‌షాహీలకు ఇది ముఖ్యమైన రేవని, ఇక్కడి నుంచి ఎర్ర సముద్రం వైపు వెళ్లే ఓడల్లో హజ్ యాత్రికులు కూడా ఉండేవారని చెప్పాం. ఇంజను లేని ఓడలు అవి. గాలి దయ మీద నెలల తరబడి ప్రయాణం. "వాళ్లు తిరిగొస్తామని ఇంట్లో చెప్పి వెళ్లేవారా?" అని పద్నాలుగేళ్లది అడిగింది. హజ్‌కు వెళ్లేవాళ్లు అప్పులు తీర్చి, అమానతులు అప్పగించి, ఇంటివాళ్లకు తిండికి ఏర్పాటు చేసి, తమకు మంచినీళ్లు, బియ్యం ఎక్కించుకుని, అప్పుడు ఇన్షా అల్లాహ్ అని లంగరు ఎత్తేవారని చెప్పాం. తొమ్మిదేళ్లవాడు వింటూ విననట్టు బురదలో ఓడ బొమ్మ గీస్తున్నాడు. కాసేపటికి తలెత్తకుండానే, "మనం కూడా గుడ్లు ఉడకబెట్టుకుని ఇన్షా అల్లాహ్ అన్నాం" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాం.

అంతా సవ్యంగా జరిగిందని కాదు. మనవళ్ల మధ్య న్యాయం చెయ్యడంలో తప్పు చేశాం. ఒక బిడ్డకు కానుకిచ్చి మిగతావాళ్లకు ఇవ్వని తండ్రికి సాక్షిగా ఉండడానికి దైవప్రవక్త (స) ఒప్పుకోలేదని ఎన్నోసార్లు చదివిన మేమే, దారిలో చిలకలపూడి నగల దుకాణం కనబడగానే ఏడేళ్లదానికి గాజులు కొని, పద్నాలుగేళ్లదాన్ని 'పెద్దదానివి కదా' అని వదిలేశాం. అది ఏమీ అనలేదు. పెద్దపిల్లలు ఏమీ అనరు, అదే వాళ్లతో చిక్కు. రోజంతా చిన్నవాళ్ల వెంట తిరిగింది, నీళ్లు అందించింది, గుడ్లు ఒలిచి పెట్టింది. దానికి ఏం కావాలో మధ్యాహ్నం దాకా మాలో ఒక్కరం కూడా అడగలేదు. చివరికి అడిగితే, బందరుకోటలో డచ్చివాళ్ల నాటి కట్టడాల శిథిలాలు చూడాలని ఉందంది. చరిత్ర పుస్తకంలో చదివిందట. అప్పటికే అసర్ దాటింది. జనవరిలో ఇక్కడ ఆరింటికి ముందే సూర్యుడు అస్తమిస్తాడు. చీకట్లో చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని శిథిలాల మధ్యకు వెళ్లడం మంచిది కాదు. దానికి ఉన్నమాటే చెప్పాం: "ఈ రోజు కుదరదు తల్లీ. ముందే నిన్ను అడగాల్సింది, అడగలేదు."

మగ్రిబ్ నమాజు ఊళ్లోకి వచ్చి మస్జిదులో చదివాం. ఇంటికి చేరేసరికి చిన్నవాళ్లు ఆటోలోనే నిద్రపోయారు, కాళ్లకు నల్లమట్టి ఎండిపోయి ఉంది. పద్నాలుగేళ్లది మాత్రం చేతులు కడుక్కుని వచ్చి క్యాలెండరు ముందు నిలబడింది. గీత గీసిన తేదీని చూసి, "వేసవికి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది నానా" అంది. మే నెల ఎండ, మా మోకాళ్లు, కోట దాకా ఉన్న దూరం, ఉదయం ఎన్నింటికి బయల్దేరితే ఎండెక్కకముందే తిరిగి రాగలం, అన్నీ లెక్క చూసుకున్నాకే పెన్ను తీశాం. మే నెలలో మొదటి ఆదివారం, ఫజర్ తర్వాత, బందరుకోట. పక్కన చిన్న అక్షరాలతో 'ఇన్షా అల్లాహ్' అని అదే రాసుకుంది.